వరన్నం మర్యాద

మద్రాసులో జొన్నసంగటి దొరకదని నేను పది రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోవడమే కాదు, ఆ నెపంతో ఆ ఊరిని నోరారా తిట్టుకున్నాను. ఉక్కపోతను తిట్టాను, ట్రాముల్ని తిట్టాను, అరిటాకు మీద పిడికెడు అన్నం పెట్టి నాలుగు గరిటెల నీళ్ళసాంబారు పోసి దాన్ని భోజనమని పిలిచే హోటళ్ళను తిట్టాను. అవన్నీ తిట్టదగ్గవే, ఈ వయసులో కూడా మాట వెనక్కి తీసుకోను. కాని సంగటి మాత్రం ఆ ఊళ్ళో ఉంది. నేను కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరంలో, మూతపెట్టిన కుండలో ఉంది.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం రాలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చినవాడు గుమాస్తాగిరీకి మద్రాసే పోవాలి. నేనూ పోయాను. ఇరవై మూడేళ్ళు. పంట్లాం కొత్త, క్రాపు కొత్త, మాట అన్నిటికన్నా కొత్త. మా ఆఫీసులో హెడ్‌గుమాస్తాది గోదావరి పక్క. ఆయన నోరు తెరిస్తే వాళ్ళ ఊరి కాలువ, వాళ్ళ ఊరి కొబ్బరితోట, వాళ్ళ ఊరి సన్నబియ్యం. ప్రపంచంలో వాన ఆయన కోసం పడుతున్నట్టు మాట్లాడేవాడు. నేను చేరిన మొదటి వారంలోనే అడిగాడు.

"మీ వైపు జొన్నలూ సజ్జలూ తింటారట కదండీ?"

"అబ్బే, వరన్నమేనండీ. మూడు పూటలా," అన్నాను.

ఆ 'అండీ' నేను మూడు రోజుల కిందట నేర్చుకున్నది. దాన్ని మొదటిసారి గట్టిగా వాడుకున్నది ఆ అబద్ధానికే.

మాది కోడుమూరు పక్క నల్లరేగడి పల్లె. వాన పడితే జొన్న, కొర్ర, పత్తి. పడకపోతే మబ్బుల వైపు చూసుకుంటూ కూర్చోవడం. వరిపైరు ఎట్లా ఉంటుందో మా ఊళ్ళో సగం మందికి తెలియదు, బియ్యం అంగట్లో కొనుక్కొచ్చేవి. ఇంట్లో వారం పొడుగునా జొన్నరొట్టె, జొన్నసంగటి. సంగటి అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. జొన్ననూక మెత్తగా ఉడికించి, అందులో పిండి పోసి, కుండను పాదాల మధ్య బిగించుకుని కట్టెతో గెలికి గెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్దలు చేస్తారు. తినేవాడు ముద్ద నెత్తిన వేళ్ళతో ఒత్తి గుంత చేసుకుంటాడు. అందులో పులుసో మజ్జిగో పోసుకుని, అంచు నుంచి తుంచుకుంటూ లోపలికి వస్తాడు. నమిలే పని లేదు, మింగడమే. పొద్దున తిని చేనికి పోయినవాడికి పొద్దు వాలేదాకా ఆకలి తెలియదు.

ఇంత మంచి తిండిని మావాళ్ళు దొంగసొత్తులా దాచుకుని తినేవాళ్ళు. గడపలోకి చుట్టం వచ్చాడంటే చాలు, సంగటికుండ మీద గంప బోర్లించేవాళ్ళు. ఇంట్లో బియ్యం లేకపోతే ఆడవాళ్ళు పెరటి దారిన పక్కింటికి పోయి చేట కొంగు కింద పెట్టుకుని తెచ్చేవాళ్ళు. వచ్చినవాడికి వరన్నం పెట్టడమే మర్యాద. సంగటి పెడితే, నిన్ను మేం మనిషిగా లెక్కపెట్టలేదని మొహాన చెప్పినట్టు. ఆ వచ్చినవాడు మాత్రం ఎవడు? పొద్దున తన ఇంట్లో సంగటి తిని, దాన్ని తన పెళ్ళాం చేత గంప కింద పెట్టించి బయల్దేరినవాడే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, జన్మలో జొన్న ముట్టనట్టు వరన్నం తిని, తేన్పు కూడా మర్యాదగా తేన్చేవాళ్ళు. కడప పక్కవాళ్ళు మాకన్నా మెరుగేం కాదు. వాళ్ళది రాగిసంగటి, గంప మాత్రం ఒకటే. సొంత కడుపును చూసి సిగ్గుపడే ఇలాంటి మనుషులు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా నాయనకు కడుపులో పుండు పడింది. కర్నూలు డాక్టరు చూసి, కోత పెట్టాలి, మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని కాగితం రాసిచ్చాడు. మా చిన్నాయన డోన్‌లో బండెక్కించి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చి, విత్తనం వేసే అదును పోతుందని మర్నాడే వెళ్ళిపోయాడు. కోత బాగానే జరిగింది. మూడో రోజు నుంచి మెత్తటి తిండి ఏదైనా పెట్టవచ్చన్నారు.

మా నాయన ఏదీ తినలేదు. ఆసుపత్రివాళ్ళు పాలూ, డబుల్‌రొట్టె ముక్కలూ ఇచ్చేవాళ్ళు. ఆ రొట్టె నోట్లో పెట్టుకుంటే దూది నమిలినట్టుండేది. దాన్ని రోగులకు పెట్టాలన్న ఆలోచన ఎవడిదో కాని, వాడు జీవితంలో ఆకలి ఎరగడు. ఆయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు ఉంచుకుని, తువ్వాల్లో ఊసేసేవాడు. నేను హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చాను. పెరుగన్నం తెచ్చాను. అన్నం గంజిలా పిసికించి తెచ్చాను. నాలుగు చెంచాల పాలు, రెండు గుక్కల మజ్జిగ తప్ప గొంతు దిగలేదు.

"ఏం నాయనా, ఏం కావాలో చెప్పరాదా?" అని విసుక్కునేవాణ్ణి.

"ఆకలి లేదప్పా," అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

పక్క మంచం మీద ఎవరున్నారో చెప్పాలి. మద్రాసులో అంత పెద్ద ఆసుపత్రి, అన్ని వార్డులు, అన్ని మంచాలు. మా నాయన పక్క మంచం మీద మా హెడ్‌గుమాస్తా అన్నగారు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఆఫీసు నుంచి తిన్నగా హెడ్‌గుమాస్తా వచ్చేవాడు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. ఒక్కో గిన్నె తీసి దాని చరిత్ర చెప్పేవాడు. బియ్యం ఊరి నుంచి వచ్చాయి, నెయ్యి ఊరి నుంచి వచ్చింది. ఒకరోజు ఒక గిన్నె మా వైపు జరిపి, "మీ నాన్నగారికి పెట్టండి. వరన్నం అలవాటున్నవారు కదా, ఈ ఆసుపత్రి తిండి ఎక్కడ సయిస్తుంది!" అన్నాడు. మంచివాడే. మంచివాడు కాకపోయి ఉంటే నాకు ఇంకాస్త సుఖంగా ఉండేది, హాయిగా అసహ్యించుకునేవాణ్ణి.

మా నాయన ఆ అన్నం వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆయనకు జ్వరం తగిలింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. కళ్ళు మూతపడి ఉన్నాయి, కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద కదులుతోంది. మొదట అర్థం కాలేదు. నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి దుప్పటి మడతను ఒత్తుతున్నాడు, గుండ్రంగా తిప్పుతున్నాడు, మళ్ళీ అంచును తుంచుతున్నాడు. సంగటిలో గుంత చేసుకుంటున్నాడు. ఎండిపోయిన పెదవులు కూడా కదిలాయి.

"ఇంగో ముద్ద ఎత్తు. మజ్జిగ పొయ్యి," అన్నాడు మా అమ్మతో. అమ్మ ఊళ్ళో ఉంది.

 సరిగ్గా అప్పుడే హెడ్‌గుమాస్తా వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఆఫీసులో పని లేదో ఏమో, తొందరగా వచ్చాడు. "ఏవిటండీ, చెయ్యి అలా ఆడిస్తున్నారు మీ నాన్నగారు?" అన్నాడు.

"జపమండీ," అన్నాను.

మా నాయన జన్మలో జపం చేసి ఎరగడు. గుడికి పోవాలన్నా అమ్మ పది సార్లు గుర్తు చేయాలి. హెడ్‌గుమాస్తా మాత్రం చెంపలేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

ఇక ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టాను. తెలుగువాళ్ళ మెస్ ఒకటి ఉండేది, కృష్ణాజిల్లా ఆసామి నడిపేవాడు. గోడ మీద వేంకటేశ్వరస్వామి, కింద ఆవకాయ జాడీలు, వాటి పక్కన ఆయన. మూడూ ఒకే ఎర్రదనం. నేను దగ్గరికి పోయి చిన్నగా, "జొన్నసంగటి ఏమైనా చేసిపెడతారా?" అన్నాను. ఆయన చిన్నగా మాట్లాడే మనిషి కాడు.

"జొన్నలా? జొన్నలు మా ఊళ్ళో గేదెలకి వేస్తామండీ! ఏరా, మన బేరానికి ఇక గేదెలు కూడా వస్తాయిరా!" అని వంటింటి వైపు కేకేశాడు. బల్లల మీద తింటున్నవాళ్ళంతా విస్తళ్ళ మీంచి తలలెత్తి నవ్వారు. ఆ నవ్విన మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అందులో ఒకడు మా వైపే, జొన్న తినే ఆలూరు పక్కవాడు, నాకు తెలుసు. అందరికన్నా గట్టిగా వాడే నవ్వాడు.

నేను ఏం చేశానంటారా? నేనూ నవ్వాను. "నాక్కాదండీ, కడప నుంచి వచ్చిన స్నేహితుడు ఒకడు అడుగుతుంటేనూ," అన్నాను. అక్కడితో ఆగకుండా ఒక భోజనం టిక్కెట్టు కొనుక్కుని, ఆ గేదెల ఆసామి వడ్డించిన వరన్నం కూర్చుని తిన్నాను.

తర్వాత కట్టెల అడితి దగ్గర ఒక అరవ ముసలమ్మ చెట్టుకింద కుండ పెట్టుకుని రాగి అంబలి పోస్తుందని తెలిసింది. రిక్షావాళ్ళు చుట్టూ గొంతుక్కూర్చుని తాగుతున్నారు. సంగటి కాకపోయినా దానికి చుట్టం కదా అని చెంబు పట్టుకుని వెళ్ళాను. పదడుగుల దూరంలో ఉండగా మా ఆఫీసు బంట్రోతు అటుగా పోతూ కనిపించాడు. చెంబును వెనక్కి దాచి, కట్టెల ధర అడగడానికి వచ్చినవాడిలా అడితిలోకి పోయాను. హోటలుగదిలో ఉండే బ్రహ్మచారికి కట్టెలెందుకో అడితివాడు అడగలేదు.

మర్నాడు ట్రాములో నా అదృష్టం నా కాలు తొక్కింది. నిజంగానే తొక్కింది. వెనక నుంచి ఎవడో పెద్ద మూట నెత్తిన పెట్టుకుని వచ్చి నా పాదం మీద బలంగా కాలు వేశాడు. ప్రాణం జివ్వుమని, ఆ బాధలో నేర్చుకున్న అండీలన్నీ ఎగిరిపోయాయి.

"ఏమప్పా, కండ్లు కనపడవా?" అని అరిచాను.

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. కాలు తొక్కినందుకు నొచ్చుకోవడం కూడా మర్చిపోయాడు. "మనోడే! యాడప్పా మీది? కోడుమూరు పక్కనా? ఓర్నాయనో, మాది డోన్! శానా దినాలాయె ఈ మాట యిని!" అంటూ మూట దించి నా చెయ్యి పట్టుకున్నాడు. రైల్వే షెడ్డులో ఫిట్టరు. డోన్ జంక్షన్‌లో పనిచేస్తుంటే ఇక్కడికి బదిలీ చేశారట. నాకన్నా పదేళ్ళు పెద్ద. చుట్టూ జనం చూస్తున్నారని నేను ముడుచుకుపోతుంటే ఆయన ట్రామంతా వినేలా మా ఊరి వానల గురించి అడిగాడు. దిగేదాకా వదల్లేదు, దిగాక ఇంటికి లాక్కుపోయాడు.

రైల్వేవాళ్ళ క్వార్టర్లు, రెండు గదులు. ఆయన భార్యది కడప పక్క పల్లె. వదినా అని పిలిచాను. లోపలికి అడుగుపెట్టగానే నాకు తెలిసింది. ఉడికిన జొన్న వాసన ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. నోట్లో నీళ్ళూరాయి, సిగ్గులేకుండా. వదిన చటుక్కున వంటింట్లోకి పోయింది. కుండ మీద మూత పడిన చప్పుడైంది. తర్వాత పెరటి తలుపు తెరిచిన చప్పుడు. పక్కింటికి బియ్యానికి పోయిందని వేరే చెప్పాలా? అరగంటలో నా ముందు విస్తరి, వేడి వరన్నం, అప్పటికప్పుడు కాచిన నెయ్యి.

"తినప్పా, ఏమనుకోవద్దు, మా ఇంట్లో దినామూ ఇదే," అన్నాడాయన.

"మా ఇంట్లోనూ ఇదేలే అన్నా," అన్నాను నేను.

నాయన ఆసుపత్రిలో ఉన్నాడనీ, కోత పడిందనీ చెప్పాను. ఏమీ తినడం లేదన్న మాట మాత్రం చెప్పలేదు. చెబితే, ఏం కావాలంటాడు అని అడుగుతారు. అడిగితే సంగటి అనాలి. అంటే మేం సంగటి తినేవాళ్ళమని ఒప్పుకోవాలి, మీ కుండలో ఉన్నదేమిటో నాకు తెలుసని కూడా చెప్పినట్టవుతుంది. మర్యాద చేసినవాళ్ళ మర్యాద తీసినట్టు. ఈ లెక్కంతా వరన్నం కలుపుతూ వేసుకున్నాను.

రెండు రోజులాగి మళ్ళీ పోయాను. ఈసారి తెలివిగా అడుగుదామనుకున్నాను. విస్తరి ముందు కూర్చుని, "అన్నా, ఈ ఊళ్ళో జొన్నలు దొరుకుతాయా?" అన్నాను.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె పొయ్యి వైపు చూసింది.

"ఏంటికప్పా ఈడ జొన్నలు? మద్రాసుకొచ్చి గూడ ఆ కర్మ ఏంటికి?" అని నవ్వాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూర్చున్నది జొన్నల మూటకు ఆనుకుని. డోన్ నుంచి వచ్చే గూడ్సు గార్డు నెలకొకసారి తెచ్చిచ్చే మూట అది, తర్వాత తెలిసింది. ట్రాములో నా కాలు తొక్కినప్పుడు ఆయన నెత్తిన ఉన్నదీ అదే. వదిన కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురు అబద్ధాలకోరులం ఒక గదిలో కూర్చుని, మా అమ్మానాన్నల తిండిని చూసి పగలబడి నవ్వుకున్నాం.

పదో రోజు మధ్యాహ్నం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "కోత మానడం లేదు. ఒంట్లో సత్తువ లేకపోతే ఎలా మానుతుంది? ఏదైనా పెట్టండి, రాళ్ళు తింటానంటే రాళ్ళు పెట్టండి. ఇలాగే ఉంటే నేను పూచీ పడను," అన్నాడు. ఆయనకు తిండి గురించి ఆసక్తి లేదు, తొందరలో ఉన్నాడు.  లోపలికి తొంగి చూశాను. దుప్పటి కింద మా నాయన ఉన్నట్టే లేదు, దుప్పటి మాత్రమే ఉంది.

అక్కడ నుంచి తిన్నగా క్వార్టర్లకు పోయాను. వీధి తలుపు తట్టి ఆగే ఓపిక లేక పెరటి వైపు పోయాను, తలుపు తీసే ఉంది. ఇద్దరూ నేల మీద కూర్చుని తింటున్నారు. రెండు పళ్ళేల్లో రెండు ముద్దలు, ముద్దల్లో గుంతలు, గుంతల్లో చెనక్కాయలు నూరిన ఊరిబిండి. నన్ను చూడగానే ఆయన పళ్ళాన్ని మోకాలి వెనక్కి జరిపాడు. వదిన తన పళ్ళెం మీద చేట బోర్లించి లేచింది.

"కూర్చోప్పా, కూర్చో. ఇప్పుడే బియ్యం కడుగుతా," అంది.

నేను కూర్చున్నాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. అయినా రాస్తాను. మా నాయన చచ్చిపోతాడేమోనని పరిగెత్తి వచ్చినవాణ్ణి, ఎసరు పెట్టి, బియ్యం ఉడికి, వార్చి, వడ్డించేదాకా ముక్కాలు గంట ఊరికే కూర్చున్నాను. పెట్టింది తిన్నాను. "అన్నం బాగుంది వదినా," అని కూడా అన్నాను.

వదినే అడిగింది, "పెద్దాయన ఎట్లుండాడప్పా? ఏం తింటాండాడు?"

"ఏమీ తినడం లేదు. పాలిస్తే తాగడు, అన్నం పెడితే మింగడు. జ్వరంలో మాత్రం..." అన్నాను.  విస్తరిలో మిగిలిన అన్నాన్ని దగ్గరికి చేర్చి ముద్ద చేసి, నెత్తిన వేళ్ళతో గుంత ఒత్తి చూపించాను.

ఆమె కాసేపు ఆ గుంత వైపు చూసింది. తర్వాత నన్ను చూసిన చూపులో గౌరవమనేది లేదు.

"నీకు నోరు పడిపోయిందా? మూడుసార్లు వస్తివి, ఈడ కూర్చొని బువ్వ తిని పోతివి! ఒక్క మాట చెప్పేకి నీకేం రోగం? ఆడ పెద్దాయన కడుపు మాడ్చుకోని పండుకోనుంటే, నువ్వు ఈడ అన్నం బాగుండాదంటావా!"

"మీరే కదా వదినా వరన్నం పెట్టారు," అన్నాను. తెలివితక్కువ మాట.

"వచ్చినోనికి సంగటి పెడతారా యాడన్నా? నువ్వు అడగల్ల! అడిగితే గదా పెట్టేది!" అని, మొగుడి వైపు తిరిగింది. "నువ్వేంటికి చూస్తాండావు? మూట ఇప్పు!"

ఆ ఇంట్లో అంతవరకు మర్యాద వల్ల జరగని పని తిట్టు వల్ల పావుగంటలో మొదలైంది. ఆయన జొన్ననూక తీసిచ్చాడు. ఆమె కడప మనిషి, రాగిసంగటి చేతి వాటం. జొన్నది ఆయన కోసం నేర్చుకుందట. కుండను పాదాలతో బిగించి కట్టెతో గెలుకుతూ, నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ, ఆఫీసు ఉద్యోగాలనూ వరసగా తిట్టింది. "కారం వద్దులే, లోపల పుండు ఉంటాది. మజ్జిగతో పెట్టు. రేపట్నుంచి దినామూ వచ్చి ఎత్తుకపో," అని సత్తుగిన్నెలో రెండు ముద్దలు పెట్టి, చిన్న చెంబులో మజ్జిగ పోసి, గుడ్డ చుట్టి ఇచ్చింది.

వార్డుకు చేరేసరికి నాలుగు దాటింది. గుమ్మం దగ్గర ఆగిపోయాను. హెడ్‌గుమాస్తా అన్నగారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని క్యారియరు విప్పుతున్నాడు. వరండాలో స్తంభం చాటున నిలబడ్డాను, ఆయన పోయాక పోదామని. చేతుల్లో గిన్నె వేడిగా ఉంది. తర్వాత గోరువెచ్చగా అయింది. ఆయన ఒక్కో గిన్నె చరిత్రా చెబుతున్నాడు, లేచే సూచన లేదు. పది రోజులుగా తిండి లేని తండ్రి ఇరవై అడుగుల దూరంలో ఉండగా, ఒక గుమాస్తా కంట పడకూడదని స్తంభం వెనక నిలబడ్డ కొడుకును ఏమనాలో నాకు తెలిసిన తెలుగులో మాట లేదు.

గిన్నె చల్లారడం మొదలయ్యాక లోపలికి పోయాను. గుడ్డ విప్పలేదు, మంచం మీద పెట్టాను. అంతే. మా నాయన కళ్ళు తెరిచాడు. ముక్కుపుటాలు అదిరాయి. రెండు రోజులుగా నేను పట్టుకుంటే తప్ప లేవలేని మనిషి, మోచెయ్యి ఆనించి తనంతట తాను లేచి కూర్చున్నాడు.

"ఏవిటండీ అది?" అన్నాడు హెడ్‌గుమాస్తా, మెడ చాచి.

"మందండీ. నాటువైద్యం. మా ఊరి నుంచి పంపించారు," అన్నాను.

మా నాయన నా మొహంలోకి చూశాడు.  గిన్నె దగ్గరికి తీసుకున్నాడు. వేళ్ళతో ముద్ద నెత్తిన గుంత చేశాడు. మజ్జిగ పోశాను. తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, గొంతు కదిలింది, దిగింది. మళ్ళీ తుంచాడు. ఒక ముద్ద అయిపోయేదాకా ఎవరి వైపూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

రెండో ముద్ద చివరికి వచ్చాక నా చొక్కా పట్టి లాగాడు. ఇంత తుంచి, మజ్జిగలో తడిపి, నా వైపు చాచాడు.

"నువ్వూ తినప్పా. శానా బాగుండాది. ఎన్ని దినాలాయెనో నువ్వు తిని."

హెడ్‌గుమాస్తా చూస్తున్నాడు. ఆయన అన్నగారు కూడా తల తిప్పి చూస్తున్నారు. ఆ చెయ్యి నా నోటికి జానెడు దూరంలో ఉంది. మధ్యాహ్నం నుంచి ఆ వాసనకు నా కడుపు అల్లాడుతోంది.

"నేను హోటల్లో తిన్నాను నాయనా," అన్నాను.

ఆయన చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. నన్ను చూశాడు, స్టూలు మీది మనిషిని చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"నీకు నామర్దా అయితాదని నాకు తెలుసులేప్పా. అందుకే మొదుటి దినం నుంచి నేను నోరు తెరవలే."

పది రోజులు. నా పంట్లాం కోసం, నా క్రాపు కోసం, నా 'అండీ' కోసం ఆ మనిషి కడుపు మాడ్చుకున్నాడు. నేనాయన్ని మొండివాడనుకున్నాను, విసుక్కున్నాను. ఆ మెస్ ఆసామిని, ఆలూరువాణ్ణి, మద్రాసునంతా చీదరించుకున్నవాణ్ణి, అందరికన్నా ముందు చీదరించుకోవలసినవాణ్ణి రోజూ అద్దంలో చూసి తల దువ్వుకుంటున్నాను.

అప్పుడైనా ఆ చెయ్యి పట్టుకుని తినవలసింది. తినలేదు.

"ఏమండీ, మందు చేదుగా ఉందా?" అని హెడ్‌గుమాస్తా మా నాయన్ని దయగా పలకరించాడు.

మా నాయన ఆయన వైపు తిరిగాడు.

"చేదే సామీ," అన్నాడు, గట్టిగా. "ఏం చేస్తాం, మింగల్ల గదా."

నా కోసం తుంచిన ముద్ద తన నోట్లో పెట్టుకుని మింగాడు. నేను ఖాళీ గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి పోయాను.